నీళ్ళ కింద యూనివర్సిటీ

కారంచేడులో మా చిన్నప్పుడు ఎక్స్‌కర్షన్ అంటే నాగార్జునసాగరే. హైదరాబాదు పోదామని గొడవ చేశాం గానీ ఇళ్ళల్లో అంత డబ్బు ఎవరిస్తారు? సోషల్ మేష్టారు మాత్రం, "డ్యామ్ ఎవరైనా చూపిస్తారురా, నేను మీకు యూనివర్సిటీ చూపిస్తా" అన్నారు. సాగర్‌లో యూనివర్సిటీ ఏమిటో మాకు అంతుపట్టలేదు.

రాత్రి అన్నాలు తిని బస్సెక్కితే తెల్లారేసరికి మాచర్ల. నల్లరేగడి తప్ప ఎరగని కళ్ళకు పల్నాడంతా రాళ్ళే. పులిహోర పొట్లాలు ఎత్తిపోతల దగ్గరే అయిపోయాయి. ఆ జలపాతం గురించి, మొసళ్ళ గురించి అందరూ రాసేశారు కాబట్టి వదిలేస్తున్నాను.

మేష్టారు చెప్పిన యూనివర్సిటీ సాగర్ గట్టున అనుపులో ఉంది. దిగాక చూస్తే ఇటుక గోడల మొదళ్ళు, మధ్యలో రాతి స్తంభాలు, చుట్టూ వరసగా చిన్న చిన్న గదులు. పైకప్పు లేదు. మాలో ఒకడు ఒక గదిలో కాళ్ళు బారజాపి పడుకుని "ఇది నా హాస్టల్" అన్నాడు. మేష్టారు తిట్టలేదు. "హాస్టలేరా! సింహళం నుంచి వచ్చిన భిక్షువులకు కూడా ఇక్కడ విహారం ఉండేది" అన్నారు. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేదట. 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వారు. ఆ మధ్యలోనే, 1955 డిసెంబరు 10న, నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. మునిగిపోయేవాటిలో కొన్నింటిని తెచ్చి గట్టున మళ్ళీ కట్టారు. మేం తొక్కుతున్నది ఆ కట్టిందే.

మెట్ల మెట్ల రంగస్థలం దగ్గర మాత్రం మమ్మల్ని పట్టలేకపోయారు. నడిమధ్యన నిలబడి చప్పట్లు కొట్టడం, పై మెట్టు మీదివాళ్ళు "వినపడింది" అని కేకెయ్యడం. దాని పక్కనే హారితి గుడి. పిల్లల్ని తినే యక్షిణి బుద్ధుడి మాటతో పిల్లల తల్లి అయిందని చెబితే, ఆడపిల్లలు తినే భాగమే మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు.

లాంచీలో నీళ్ళ మధ్య కొండ మీది మ్యూజియానికి పోతూ ఒకడడిగాడు: "మేష్టారూ, ఊరు మన కిందే ఉందా?" "ఆఁ." "మరి డ్యామ్ మంచిదేనన్నారుగా?" మేష్టారు ఆలోచించి, "రెండూ పరీక్షకొస్తాయి" అన్నారు. పొలాలకు నీళ్ళు కావలసిన జిల్లాలో ఇంకేం చెప్పగలరు? ఇప్పటికీ నాకు అంతకంటే మంచి జవాబు దొరకలేదు.

తిరుగుప్రయాణంలో చుట్టు తిరుగుడైనా బస్సును గుంటూరు మీదుగా నంబూరు దాకా తిప్పించారు. అక్కడ నాగార్జున యూనివర్సిటీ, 1976లో వచ్చింది. పేరు ముందు 'ఆచార్య' అప్పటికింకా చేరలేదు. రోడ్డు మీద నుంచే చూశాం.

"దీనికి పైకప్పుంది మేష్టారూ" అన్నాడు ఇందాకటి హాస్టల్ వాడు.

"మార్కులుంటే రానిస్తారు కూడా" అన్నారాయన, డ్రైవర్‌ని పోనిమ్మని చెబుతూ.