ధారావిలో ఒక పూట, తోలు మెషీన్ కోసం

సోలాపూర్‌లో రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దాదర్‌లో దిగొచ్చు. అక్కడ స్లో లోకల్ పట్టుకుంటే మాటుంగా, దాని తర్వాత సాయన్. స్టేషన్‌కు పడమటి దిక్కున బయటికొచ్చి నడిస్తే ధారావి. మేమిద్దరం, అంటే నేనూ మా ఇంటామె, పొద్దున తొమ్మిదికి అక్కడ ఉన్నం. దుకాణాలింకా సగం తెరవలేదు. తోలు వాసన మాత్రం అప్పటికే రోడ్డు మీదికొచ్చి నిలబడ్డది.

ఆ వాసన నాకు చిన్నప్పటిది. మా నాయన మిల్లులో పట్టాల పని చేసేవాడు. ఆ రోజుల్లో పైన ఒక పెద్ద ఇరుసు తిరిగేది, దాని మీదినుంచి సాంచాలకు తోలు పట్టాలు దిగేవి. పట్టా తెగితే సాంచా ఆగుతుంది, సాంచా ఆగితే నేతగాడి కూలి ఆగుతుంది. అందుకని నాయనను అన్నం ముందు నుంచి గూడ లేపుకపోయేవారు. షటిల్‌ను కొట్టే పికర్ గూడ బర్రె తోలుదే. ఆయన ఆరె ఇప్పటికీ నా దగ్గరుంది. మన ఆరెనే మరాఠీవాళ్లు ఆరీ అంటరు.

పని నుంచి దిగినంక ఆ ఆరెతోనే తోలు పని మొదలుపెట్టిన. అమ్ముకోవడానికి కాదు, సరదాకు. పర్సులు, కళ్లద్దాల సంచులు, మనవడికి నడుం పట్టా. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, ఒక్కో కన్నంలోకి అటొకటి ఇటొకటి. మెషీన్ కుట్టు కన్నా ఇదే గట్టిది, ఒక చోట తెగినా ఊడిపోదు. కానీ రెండేండ్లకే కుడి బొటనవేలి కీలు పట్టేసింది. దారం గుంజడం మానకపోతే గిన్నె గూడ పట్టుకోలేవు అన్నడు డాక్టర్. మానితే పనే మానాలె. నెల రోజులు ఆ పెట్టె తెరవలేదు.

చూసి చూసి ఇంటామె తన బీడీల పీఎఫ్ పైసలు తీసింది, 30,000. "మెషీన్ కొనుక్కో. కానీ నేను గూడ వస్త, ఒక్కనివి పోతే ఎవడేది చెప్తే అదే తెచ్చుకుంటవు" అన్నది. ఆమె అన్నది నిజమే అయ్యేది, ఇంచుమించుగా.

ఇంట్లో నల్ల మెషీన్ ఉంది కదా అని మీరు అడగొచ్చు. దాన్నీ చూసిన. మెత్తటి మేక తోలు రెండు పొరలైతే కుడుతుంది, తోలు సూది వేస్తే. ఆ సూది మొన గుండ్రంగా కాకుండా కత్తిలాగ కోసుకుంటూ పోతుంది. కానీ ఆ మెషీన్‌లో బట్టను ముందుకు జరిపేది కింది పళ్లే. తోలు పైపొర పాదానికి అతుక్కొని వెనకబడుతుంది, కింది పొర ముందుకు పోతుంది. బట్టయితే విప్పి మళ్లీ కుట్టొచ్చు. తోలుకు పడ్డ కన్నం పడ్డట్టే.

మొదటి దుకాణంలో అమ్మేవాడు మంచి మాటకారి. టైలరింగ్ కార్ఖానాల్లో ఉండేటి వేగం మెషీన్ చూపించిండు, సెకండ్ హ్యాండ్, 16,000. "చాచా, తోలు, రెగ్జిన్, జీన్స్, అన్నీ కుడుతది" అని మూడు పొరల జీన్స్ మీద టకటక కుట్టి చూపించిండు. చప్పుడుకే నా మనసు పోయింది. సాంచాల నడుమ బతికినోళ్లం, వేగం చూస్తే ఆగుతమా! పైసలకు చెయ్యి జేబులో పెట్టిన. అప్పుడు ఇంటామె, "మన తోలు మీద కుట్టమను" అన్నది.

ఇంటి నుంచి కోసుకొచ్చిన బ్యాగ్ పట్టా తీసిచ్చిన, రెండు పొరలు, కొసల్లో నాలుగు. ఆమె ఆ రెండు పొరల అంచులు సరిగ్గా కలిపి పెట్టింది. కుట్టి బయటికి తీస్తే పైపొర గోరంత వెనక్కి ఉంది. నాలుగు పొరల దగ్గర కుట్లు చిన్నగైనవి, ఒకచోట తప్పినవి. ఏండ్ల తరబడి ఆకు కొలతకు కోసిన చేతులు ఆమెవి, గోరంత తేడా ఆమెకు దాగదు. "గిది తోలు మెషీన్ కాదు" అని పట్టా మడిచి సంచిలో పెట్టుకున్నది. నాకు సిగ్గయింది, నిజం చెప్తున్న.

అక్కడి నుంచి ఒక సందులోకి పోయినం. ఇద్దరు పక్కపక్కన నడవలేని సందు. పైన నిచ్చెన మెట్ల గదిలో ఒక కుర్రవాడు ఆడవాళ్ల బ్యాగులు కుడుతున్నడు. వద్దంటడేమో అనుకుంటూ అడిగిన. "కూర్చోండి" అని స్టూలు జరిపిండు. అతని మెషీన్‌కు రెండు పాదాలు. ఒకటి తోలును అదిమి పట్టుకుంటే రెండోది లేచి ముందుకు అడుగేస్తది, సూది గూడ తోలులో దిగి దానితో పాటే జరుగుతది. కింద పళ్లు సరేసరి. పైన, నడుమ, కింద మూడూ ఒక్కసారే జరుగుతుంటే పొర ఎక్కడికి పోతది? వాకింగ్ ఫుట్ అంటరు. నేను వెతికేది అదే.

ఇంకో సంగతి గూడ అతనే చెప్పిండు. పాత క్లచ్ మోటారు స్విచ్ వేసింది మొదలు తిరుగుతూనే ఉంటది, నెమ్మదిగా కుట్టడం కొత్త కాలికి రాదు. సర్వో మోటారైతే తొక్కినప్పుడే తిరుగుతది, వేగం మనం బిగించుకోవచ్చు. కరెంటు గూడ తక్కువ. నాలాంటోడికి నిమిషానికి వెయ్యి కుట్లెందుకు? ఒక్కో కుట్టు ఆగి ఆగి పడితే చాలు. మెషీన్ ఒళ్లు గూడ రకరకాలు: గుండ్రటి చెయ్యిలాంటిది బ్యాగుల లోపలికి, నిలువు స్తంభంలాంటిది బూట్లకు. పర్సులు, పట్టాలకైతే బల్లపరుపుదే మేలన్నడు.

మోచీ దగ్గర ఉండే చేతి మెషీన్ ఆశ గూడ నాకుండె. సింగర్ 29కె రకం, పాదం చుట్టూ ఏ దిక్కుకైనా తిరుగుతది. చవక. కానీ బాబిన్ చిన్నది, పాదం పళ్ల గుర్తు తోలు మీద పడుతుంది. అది మరమ్మతులకు పెట్టింది పేరు, కొత్త పర్సుకు కాదు.

మధ్యాహ్నం రెండు దాటినంక అసలు దుకాణం దొరికింది. వాడిన వాకింగ్ ఫుట్ మెషీన్, సర్వో మోటారు, బల్లతో కలిపి 31,000 చెప్పిండు. ఇంటామె బేరం మొదలుపెట్టింది, నేను చూడాల్సినవి చూసిన. ముందుకు పది కుట్లు, వెనక మీట నొక్కి మళ్లీ పది కుట్లు, అవే కన్నాల్లో పడాలె. పడ్డయి. చక్రం చేత్తో తిప్పితే ఎక్కడా పట్టొద్దు. సూది కడ్డీని పట్టి ఊపితే కదలొద్దు. కింద కాగితం పరిచి పావుగంట నడిపించిన, నూనె చుక్క తోలు మీద పడితే ఆ మరక పోదు కనుక. 22 నంబర్ తోలు సూది, లావు నైలాన్ దారం వేసి మా బ్యాగ్ పట్టా మీద కుట్టించిన. నాలుగు పొరల దగ్గర గూడ పాదం లేచి దిగింది, అంచులు కదలలేదు. ఇంటామె పట్టా అటూ ఇటూ తిప్పి, గోటితో అంచు రాసి, "ఊ" అన్నది. 27,500కు తెగింది.

సోలాపూర్‌లో యూనిఫారాలు కుట్టే కార్ఖానాలెన్నో కనుక మెకానిక్‌కు కొదవ లేదు, అదొక ధైర్యం. మెషీన్ తల ఒక్కటే ఒక మనిషి లేపేది కాదు. ట్రాన్స్‌పోర్ట్‌లో వేసి, రాత్రి వర్లీలో మేనల్లుడింట్లో పండుకొని, మర్నాడు బండెక్కినం. మూడో రోజు మెషీన్ వచ్చింది. పై అంతస్తుకు ఎక్కించే ముచ్చటే లేదు, బీడీల చాట పెట్టుకునే కింది కిటికీ దగ్గరే పెట్టినం. ఇప్పుడు పొద్దున ఆమె ఆకు కోసేది అటు పక్క, నేను కుట్టేది ఇటు పక్క.

మూలలు మాత్రం ఇంకా నాయన ఆరెతోనే. నాలుగు కుట్లు, అంతకు మించి బొటనవేలు ఒప్పుకోదు.