తోడేలు పోలిక కుక్కలు: బొహీమియాలో చూచినవి



గుణదోషపరీక్ష మన వాఙ్మయమునకు క్రొత్త కాదు. గుఱ్ఱముల లక్షణములను వివరించుటకు మనుమంచి భట్టు హయలక్షణవిలాసమను కావ్యమునే రచించెను. ఏనుగులకును శాస్త్రములు గలవు. ఇక పెండ్లిచూపులనాడు మన యిండ్లలో జరుగు పరీక్షను గూర్చి మీకు నేను చెప్పనక్కఱలేదు. నడిపించి చూతురు, పలికించి చూతురు, జడ పొడవు చూతురు. కుక్కకును ఇట్టి లక్షణపత్రము గలదనియు, దానిని మనసున నిలుపుకొని పెద్దమనుష్యులు పచ్చికబయలులో నిలిచి దాని పండ్లు లెక్కింతురనియు మొన్నటి వేసవిలో బొహీమియాకు పోయినప్పుడు కన్నులార చూచితిని. ఆ ముచ్చట మీతో చెప్పుకొనవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మా మరిది ప్రాగు నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. బడికి వేసవిసెలవు లిచ్చిన పిమ్మట మావారును నేనును అచ్చటికి పోయి కొన్నివారము లుంటిమి. బయలుదేరునాటికే నాకొక పని అప్పగింపబడినది. మా తోటికోడలి అన్నగారు విజయవాడలో నున్నారు. ఆయన చేతిఫోనులో తోడేలువలె నుండు కుక్కల బొమ్మలు చూచి ముచ్చటపడి, "చెల్లెమ్మా, ఆ జాతి పుట్టినది ఆ దేశముననే యట. మీరిద్దరును స్వయముగా చూచి, మంచి లక్షణములు గల పిల్లనొకదానిని కుదిర్చి రండు" అని కోరిరి. కావున నా యాత్రలో కోటలకంటెను, గుడిగోపురములకంటెను కుక్కలే యెక్కువ కాలము తీసికొన్నవి.

ఆ జాతిపేరు వ్ల్చాకు. జెకు భాషలో తోడేలును వ్ల్క్ అందురు. మన సంస్కృతమున వృకము. ఈ రెండు మాటలును ఒకే మూలమునుండి పుట్టిన తోబుట్టువులని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అంత దూరదేశమున మన వృకోదరుని పేరులోని మాట వినబడగా నాకు చుట్టము కనబడినట్లయ్యెను.

ప్రాగునుండి దక్షిణముగా రైలులో రెండుగంటలు పయనించినచో చెస్కే బుద్యెయొవిత్సె అను పట్టణము వచ్చును. అచ్చటనుండి మోటారులో వాయవ్యముగా పోతిమి. దారికిరువైపుల గోధుమచేలు, ఎఱ్ఱని పెంకుటిండ్లు, మాటిమాటికి చెరువులు. దక్షిణ బొహీమియా చెరువులసీమ. అవి దేవుడు త్రవ్వినవి కావు. కొన్నివందల యేండ్ల క్రిందట మనుష్యులు కట్టలు పోసి నిలిపినవి. వానిలో పెద్దదియగు రొజ్మ్‌బెర్కు చెరువు 1590లో పూర్తియైనది. మన కాకతీయుల చెరువులు వరిమళ్లకై పుట్టినవి, ఇవి చేపలకై పుట్టినవి. క్రిస్మసు పండుగకు ఆ దేశపు టిండ్లలో వండుకొను కార్పుచేపలను ఇట్టి చెరువులలోనే పెంచుదురు.

వొద్న్యాని పట్టణమునకు చేరువలో లిబ్యెయొవిత్సె అను చిన్న గ్రామము గలదు. ప్రభువులనాటి భవనమును, నీడనిచ్చు పెద్దచెట్లును తప్ప పరదేశిని ఆపునట్టి వింత యేదియు నాకు కనబడలేదు. కాని యీ కుక్కలకు పుట్టినిల్లు ఇదియే. ఆనాడు జెకోస్లొవాకియా కమ్యూనిస్టుల యేలుబడిలో నుండెను. పడమటి సరిహద్దు పొడవున ముండ్లకంచెలు వేసి, సైనికులు కుక్కలతో కావలి కాయుచుండిరి. ఆ సరిహద్దు సైన్యమువారి కుక్కలసాల యీ యూర నుండెను. కారెల్ హార్ట్ల్ అనువారు, తోడేలునకును జర్మను షెపర్డు కుక్కకును సంతానము గలుగునా, గలిగిన నది యెట్లుండునని 1955లో పరిశోధన ప్రారంభించిరి. బ్రిటా అను ఆడుతోడేలునకు సేజర్ అను కుక్కవలన 1958 మే 26వ తేదీన తొలికాన్పు పిల్లలు పుట్టినవి. మొదటితరము పిల్లలు తోడేళ్ల పోలికనే యుండి, పెంపకమునకు మిక్కిలి కష్టపెట్టినవి. వానిని మరల మరల షెపర్డు కుక్కలతో కలుపగా, కొన్నితరములకు మనుష్యుని మాట వినునట్టి సంతతి యేర్పడెను. 1982లో ఆ దేశమువారును, 1989లో అంతర్జాతీయ శునకసమాఖ్యవారు తాత్కాలికముగను, 1999లో శాశ్వతముగను దీనిని ప్రత్యేకజాతిగా నంగీకరించిరి. ఆ నడుమనే ముండ్లకంచెలు పోయినవి. 1993లో జెకోస్లొవాకియాయే రెండు దేశములైనది. కుక్క మాత్రము పాతపేరుతోనే నిలిచినది.

ఆ వారాంతమున మఱియొక గ్రామపు బయలులో ఈ కుక్కలను పరీక్షించుచున్నారని తెలిసి మా మరిది మమ్ము తీసికొనిపోయెను. వెండివలె నెఱసిన జుట్టుగల పెద్దామె యొకతె పరీక్షకురాలు. మొదట కొలబద్దతో మూపువద్ద ఎత్తు కొలిచినది. మగదానికి 65 సెంటీమీటర్లకును, ఆడదానికి 60 సెంటీమీటర్లకును తక్కువ కారాదు. బరువు మగదానికి 26 కిలోలు, ఆడదానికి 20 కిలోలు, అంతకు తగ్గరాదు. ఎత్తు తొమ్మిదిపాళ్లైన దేహపు పొడవు పదిపాళ్లుండవలెను. చెవులు చిన్నవి, పలుచనివి, ముక్కోణాకారముగా నిక్కి యుండవలెను. కన్నులు సన్నముగా, ఏటవాలుగా, తేనెరంగున నుండవలెను. మెడ యెంత పొడవుండవలె ననగా, శ్రమలేకుండ మూతి నేలకు తగులవలెను. వన్నె పసుపుబూడిదనుండి వెండిబూడిదవఱకు నుండవచ్చును. ముఖమునకు తెల్లని ముసుగు వేసినట్లు లేతరంగు కనబడవలెను.

పండ్లను లెక్కించుటకై ఆమె కుక్కనోరు తెఱచునప్పటికి మా తోటికోడలు నా చెవిలో, "అక్కయ్యా, మన పెండ్లిచూపులే నయము. ఇంతవఱకు రాలేదు గదా!" అనెను. నవ్వాపుకొనుట మాకిద్దరకును కష్టమయ్యెను.

తరువాత నడకపరీక్ష. ఈ కుక్క నడక చూడదగినది. తల దించి, మెడ ముందునకు చాచి, అడుగు నేలను విడిచినదో లేదో యన్నట్లు తేలికగా పరుగిడును. ఎంతదూరమైనను అదే వేగము. ఈ జాతికి 40, 70, 100 కిలోమీటర్ల ఓర్పుపరీక్షలు పెట్టుట గలదు. మన యూళ్లలో చెప్పవలెనన్న, నూఱు కిలోమీటర్లనగా విజయవాడనుండి బాపట్ల దాటిపోవుదూరము.

ఇక దోషములు. తల బరువైనను, మఱీ తేలికైనను దోషము. కన్నులు నల్లనివైన దోషము. చెవి మోటైన దోషము. తోక పెట్టు సరిగా లేకున్న, ముఖపు ముసుగు తెలియకున్న, మెడక్రింద తోలు వ్రేలాడిన దోషము. ఇవన్నియు మార్కులు తగ్గించు దోషములు. పరీక్షనుండి పూర్తిగా తొలగించునవి వేఱు. వానిలో ముందుగా చెప్పునవి దేహమునకు సంబంధించినవి కావు: క్రూరస్వభావము, మితిమీఱిన పిఱికితనము.

ఇది నాకు కంటియెదుటనే రుజువైనది. ఆనాడు వచ్చినవానిలో మిక్కిలి సొగసైన కుక్క యొకటి యుండెను. వెండివన్నె, తేనెకన్నులు, ఏ యవయవమునకును వంక లేదు. పరీక్షకురాలు దగ్గఱకు రాగానే అది తోకను కాళ్లసందున దాచుకొని, గొలుసు నీడ్చుకొని వెనుకకు పోయెను. రెండవసారియు నంతే, మూడవసారియు నంతే. ఆమె దానిని బలవంతపెట్టలేదు. యజమానితో మెల్లగా నేదో చెప్పి పంపివేసినది. దాని తరువాత వచ్చినది చూపునకు సామాన్యమే. కాని స్థిరముగా నిలిచి, ఆమె ముఖమువంక నెమ్మదిగా చూచినది. దానికే మెప్పు లభించినది.

కుక్కను తెచ్చిన యొక గృహిణితో మాటలాడితిని. మా మరిది దుబాసియయ్యెను. ఆమె చెప్పినది విని నేను లక్షణపత్రమును మఱచితిని. "ఇది తక్కువగా మొఱుగును, ఎక్కువగా ఊళ పెట్టును. తలుపుగడియ తీయుట మూడునాళ్లలో నేర్చుకొన్నది. ఒంటరిగా విడిచిపోతిమా, మంచపుపఱుపు దూదియగును. తెలివికి లోటులేదు గాని, చెప్పినపని ఎందుకో తెలియకున్న నాలుగవసారి చేయదు. మా యింటిల్లిపాదిని ప్రాణముగా చూచుకొనును, పరాయివారిని నమ్మదు. దీనికై నేను రోజునకు రెండుగంటలు అడవిదారిలో నడచుచున్నాను, మంచు కురిసినను, వాన కురిసినను" అని ఆమె చెప్పినది. ఆమె మాటలో విసుగు లేదు. లెక్క చెప్పినట్లు చెప్పినది. నడచువారు మీరేనా, మీ భర్తగారా యని నేనడుగగా నవ్వి, కుక్కను కోరినవారు ఆయన, నడచునది నేననెను. ఖండాంతరమున గూడ ఇల్లు ఇల్లేగదా యనుకొంటిని.

అచ్చటనే హాలెండువారి మఱియొక జాతినిగూర్చి వింటిని. లేండెర్ట్ సార్లోస్ అనువారు 1930లనాటినుండియు తోడేలును షెపర్డు కుక్కతో కలిపి, పనికి మఱింత గట్టియగు కుక్కను సాధింప జూచిరి. కాని వచ్చిన సంతతి వెనుకాడు స్వభావము గలదై, ఆయన యాశించిన పనికి కుదురలేదు. ఆయన 1969లో గతించిరి. 1975లో ఆ జాతికి ఆయన పేరే పెట్టిరి. వింత యేమనగా, పరాయిచోట తప్పించుకొని పోవలెనను స్వభావమును ఆ జాతి లక్షణపత్రము సహజగుణముగా నంగీకరించినది. తోడేలురక్తము రెండింటను గలదు. బెదరి వెనుదిరుగుట ఒకచోట సహజమట, మఱియొకచోట మితిమీఱినచో పరీక్షనుండి వెడలగొట్టు దోషమట. గుణమనునది, దోషమనునది ప్రాణిలో నెంత యున్నదో, దానిని కోరువారి యక్కఱలో నంత యున్నదని నాకు దోచినది.

మఱునాడు పడమటనున్న షుమావా అడవికి పోతిమి. స్ర్నీ అనుచోట విశాలమగు ఆవరణములో తోడేళ్లను ఉంచి, పైనుండి చూచుటకు కొయ్యవంతెన కట్టినారు. చాలసేపటికి చెట్లనడుమ బూడిదవన్నె కదలినది. ఒక తోడేలు నిలిచి మావంక చూచి, మాతో తనకు పనిలేదన్నట్లు వెడలిపోయెను. అవే తేనెకన్నులు, అదే నడక. బయలులో నేను చూచిన కుక్క లన్నియు ఈ రూపమును అందుకొన జూచుచున్నవే. కాని దీని చెవిని కొలుచువారు లేరు, బెదరిపోయినదని మార్కులు తగ్గించువారు లేరు. అడవిలో మనుష్యునిజూచి తొలగిపోవుట దానికి ప్రాణరక్ష. మనుష్యులు మునుపు నిర్మూలించిన యీ జంతువు, ఈ శతాబ్దమున తనంతట తానే షుమావాకు తిరిగివచ్చినది.

ఆ వంతెనమీదనే నాకు మన తోడేలు జ్ఞాపకము వచ్చినది. నంద్యాలజిల్లా రోళ్లపాటి బయళ్లలో తిరుగు తోడేలు సన్ననిది, వెండ్రుక పలుచనిది. మన యెండకు తగినట్లు ప్రకృతి దానికి వస్త్రము కుట్టినది. బొహీమియా కుక్కకు చలికాలమున కడుపుమీదను, చెవులలోపలను, కాలివ్రేళ్లసందులను గూడ దట్టముగా బొచ్చు పెరుగును. అట్టిదానిని మేనెలలో 40 డిగ్రీలు మీఱు విజయవాడకు, అందులోను మూడవయంతస్తు వాటాలోనికి తెచ్చి యేమి చేయుదుము? 2024 మార్చిలో కేంద్రప్రభుత్వము ప్రమాదకరములని వ్రాసిన జాతుల పట్టికలో తోడేలుకుక్కల పేరును చేర్చెను. ఏప్రిలులో కర్ణాటక హైకోర్టు ఆ యుత్తరువును కొట్టివేసినది. చట్టము మాట యట్లుండనిండు. ఇంటిమాట మనము చూచుకొనవలెను గదా.

భారతారంభమున సరమ కథ మీరెఱుగుదురు. తప్పుచేయని కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు కొట్టగా, తల్లి సభకు వచ్చి న్యాయ మడిగినది. చలిదేశపు కుక్కను ఎండలో కట్టివేసి, రోజునకు పదిమైళ్లు పరుగిడవలసినదానిని వరండాలో ఉంచి, అది ఊళపెట్టినప్పుడు దుష్టజంతువని తిట్టుట, ఆ రాజపుత్రుల పనికంటె మేలైనదని నాకు తోపదు.

కావున అన్నగారికి పిల్లను కుదుర్పలేదు. నాలుగు ప్రశ్నలు వ్రాసి పంపితిని. ఒకటి, రోజునకు రెండుగంటలు దానితో నడచువారెవరు? రెండు, పగలెల్ల ఇంట దానికి తోడుండువారెవరు? మూడు, ఆ వృకోదరునకు మాంసము తెచ్చి పెట్టువారెవరు? నాలుగు, వేసవి నాలుగుమాసములును దానిని చల్లగా నుంచుట యెట్లు? ఆయన బదులు వ్రాయలేదు. వారి యిల్లాలు మాత్రము ఫోనులో, "వదినగారూ, మొదటి మూడింటికిని మీ అన్నగారు నా పేరే చెప్పినారు. నాకు తీరిక లేదని చెప్పితిని. నాలుగవదానికి ఆయన యింకను ఆలోచించుచున్నారు" అని నవ్వుచు చెప్పినది.