వ్యాను తోలిన చేతికే తాళాలు



మొన్న ఆదివారం అటక మీంచి పాత సీడీల పెట్టె దింపి దుమ్ము దులుపుతుంటే, ఎర్రట్ట మీద పసుపుపచ్చ ‘1’ అంకె వేసిన బీటిల్స్ సీడీ చేతికొచ్చింది. మావాడు అట్ట తిరగేసి చూసి, “వీళ్లు 1970లోనే విడిపోయారన్నావుగా, మరి ఇది 2000లో ఎలా వచ్చింది?” అన్నాడు. సమంజసమైన ప్రశ్నే. విడిపోయిన ముప్పై ఏళ్లకు పాత పాటలే 27 ఒకచోట పెట్టి అమ్మితే మూడు కోట్లకు పైగా పోయాయి. అదెలాగో చెప్పాలంటే పాడినవాళ్లను కాసేపు పక్కన పెట్టి, వాళ్ల వ్యాను తోలినవాడి దగ్గర మొదలుపెట్టాలి. వాడికి చెప్పిన కథే మీకూ రాస్తున్నాను.

అతని పేరు నీల్ ఆస్పినాల్. 1941లో పుట్టాడు. లివర్‌పూల్ మీద బాంబులు పడుతున్న రోజులవి. తల్లి వేల్స్‌లోని ప్రెస్టాటిన్‌కు తరలిపోయి అక్కడ కన్నది. లివర్‌పూల్ ఇన్‌స్టిట్యూట్‌లో తర్వాత బీటిల్స్‌లో పాడిన పాల్ మెకార్ట్‌నీతో కలిసి చదువుకున్నాడు. అదే బ్యాండులోని జార్జ్ హారిసన్ ఒక క్లాసు వెనక. స్కూలయ్యాక అకౌంట్స్ నేర్చుకునే కుర్రాడిగా చేరాడు. వారానికి రెండున్నర పౌన్ల జీతం. బీటిల్స్ డ్రమ్మర్ పీట్ బెస్ట్ వాళ్లింట్లో అద్దెకు ఉండేవాడు. ఆ ఇంటి నేలమాళిగలోనే పీట్ తల్లి కుర్రకారు కోసం క్లబ్బు నడిపేది.

బ్యాండుకు రోజూ ఏదో ఒక ఊళ్లో కచేరీ, సామాను మోయడానికి బండి లేదు. నీల్ ఎనభై పౌన్లు పెట్టి ఓ డొక్కు వ్యాను కొని, తలా ఐదు షిల్లింగులు తీసుకుని దింపడం మొదలుపెట్టాడు. అప్పట్లో పౌనుకు ఇరవై షిల్లింగులు. అంటే నలుగురిని ఒక్కసారి తిప్పితే ఒక పౌను. మూడు ట్రిప్పులు కొడితే వారం జీతం దాటేస్తుంది. లెక్కలు నేర్చుకుంటున్నవాడికి ఈ లెక్క తెలియకుండా ఉంటుందా? 1961లో ఉద్యోగం వదిలేశాడు.

అలాగని గొప్ప డ్రైవరేం కాదులెండి. డెక్కా రికార్డు కంపెనీలో ఆడిషన్ కోసం 1961 చివరి రోజున లండన్ బయల్దేరితే, మంచులో దారి తప్పి పది గంటలు తిప్పాడు. తెల్లారి పాడారు, కంపెనీవాళ్లు వద్దన్నారు. ఆ తప్పు మాత్రం డ్రైవరుది కాదు.

అసలు పరీక్ష 1962 ఆగస్టులో వచ్చింది. మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్ పీట్ బెస్ట్‌ను ఆఫీసుకు పిలిచి, నువ్వు అక్కర్లేదు, నీ బదులు రింగో వస్తున్నాడని చెప్పేశాడు. నీల్ కింద ఎదురుచూస్తున్నాడు. పైనుంచి దిగొచ్చిన స్నేహితుడి మొహం చూసి, తనూ మానేస్తానన్నాడు. పీటే వద్దన్నాడు: వాళ్లు పైకొస్తారు, వదులుకోకు అని. ఉండేది పీట్ వాళ్లింట్లో, తోలాల్సింది పీట్‌ను తీసేసినవాళ్లను. ఆ రాత్రి ఆ ఇంటి గడప ఎలా తొక్కాడా అని నేనిప్పటికీ అనుకుంటుంటాను. ఇది విశ్వాసమా, లౌక్యమా? రెండూ కలిసే ఉన్నాయని నాకనిపిస్తుంది.

1963లో బరువులు మోయడానికి, బండి తోలడానికి మాల్ ఎవన్స్ వచ్చాక, నీల్ పర్సనల్ అసిస్టెంట్ అయ్యాడు. ఆ మాటకు నిర్ణీతమైన అర్థమేమీ లేదు. ఎవరికేం కావాలంటే అదే పని. వాళ్ల సంతకాలు అచ్చు దింపినట్టు పెట్టడం నేర్చుకున్నాడు. ఈనాడు వేలంలో వేలు పలికే బీటిల్స్ సంతకాల్లో కొన్ని ఈయన చేతివేనట! 1964లో అమెరికాలో ఎడ్ సల్లివన్ షోకు రిహార్సల్ జరుగుతుంటే జార్జ్‌కు గొంతు నొప్పి, జ్వరం. కెమెరాల కోసం అతని స్థానంలో నిలబడింది నీలే. ‘సార్జంట్ పెప్పర్’ రికార్డు అట్ట మీద గుంపుగా కనిపించే మొహాల కోసం ఫొటోలు వెతికి తెచ్చినవాళ్లలోనూ ఉన్నాడు. ఆ గుంపులో మొదట మన గాంధీగారూ ఉన్నారు. ఇండియాలో గొడవవుతుందని రికార్డు కంపెనీ పెద్దలు భయపడి తీయించేశారు. అదే రికార్డులో జార్జ్ మన బాణీలో కట్టుకున్న పాటకు తంబురా మీటినవాళ్లలో నీల్ కూడా ఒకడు.

1967 ఆగస్టులో ఎప్‌స్టీన్ పోయాడు. కాగితాలన్నీ అతని చేతిలోనే ఉండేవి. బీటిల్స్ ‘ఆపిల్’ అని సొంత కంపెనీ పెట్టుకుంటే, చూసుకునేవాడు లేడు. సరైన మనిషి దొరికేదాకా చూస్తానని నీల్ ఒప్పుకున్నాడు. ఆ ‘దొరికేదాకా’ ముప్పై తొమ్మిదేళ్లు సాగింది.

మొదట్లో ఆపిల్ ఆఫీసంటే పెళ్లివారి విడిదే. బేకర్ స్ట్రీట్‌లో బట్టల కొట్టు తెరిచి, ఏడెనిమిది నెలలకే మూసేస్తూ, మిగిలిన సరుకంతా జనానికి ఉచితంగా పంచేశారు. 1969లో అలెన్ క్లైన్ అనే అమెరికన్ మేనేజరుగా వచ్చి ఉద్యోగులను ఊడ్చేశాడు. 1970 డిసెంబరు 31న పాల్ మిగతా ముగ్గురి మీద కోర్టుకెక్కాడు. గాలివాన వెలిసేసరికి కంపెనీలో మిగిలినవి పాత రికార్డుల హక్కులు, వ్యాజ్యాలు, నీల్.

పంపకాలు తెగని ఉమ్మడి ఆస్తి మన ఊళ్లలో ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అన్నదమ్ములు మాట్లాడుకోరు గానీ, నలుగురూ పాత గుమాస్తాతో మాట్లాడతారు. ఆపిల్‌లో ఏ పని జరగాలన్నా నలుగురూ సరేననాలి. నాలుగోవాడైన జాన్ లెనన్ పోయాక అతని భార్య యోకో, జార్జ్ పోయాక అతని భార్య ఒలీవియా. ఆ నాలుగు ఫోన్లూ ఎత్తించగలిగిందే నీల్ పెట్టుబడి. అది ఏ బిజినెస్ స్కూల్లోనూ పుట్టేది కాదు, ఆ ఎనభై పౌన్ల వ్యానులో పుట్టింది. మన దగ్గర విజయశాంతిగారి మేకప్‌మన్ ఎ.ఎం. రత్నం ‘కర్తవ్యం’ తీసి నిర్మాత అయ్యాడు. అది తన దుకాణం తను తెరుచుకోవడం. నీల్ అలా కాదు, తన యజమానుల దుకాణానికే పెద్ద అయ్యాడు.

అతని వ్యాపార రహస్యం తొందరపడి అమ్మకపోవడం. విడిపోయిన రోజుల్లోనే వాళ్ల ఫిల్ముముక్కలన్నీ పోగేయడం మొదలుపెట్టాడు. అవి ‘ఆంథాలజీ’గా టీవీలో వచ్చింది 1995లో. పాతికేళ్లు దాచిన సరుకు! మా అటక మీది ‘1’ సీడీ 2000లో వచ్చిందీ ఈ ఓపికతోనే. బాకీల కోసం బీటిల్స్ రికార్డులు వేసే కంపెనీతోనే కోర్టులో తలపడ్డాడు. ఇక కంప్యూటర్ల ఆపిల్‌తో పేరు కోసం నడిచిన తగువైతే మహాభారతమే. 1981లో ఎనభై వేల డాలర్లు పుచ్చుకుని, సంగీతం జోలికి రావద్దని రాయించుకున్నారు. కంప్యూటర్లు సంగీతం పలికాయి. 1991లో రెండు కోట్ల అరవై అయిదు లక్షల డాలర్లు కట్టించారు. ఐట్యూన్స్ వచ్చాక మళ్లీ దావా. 2006లో లండన్ హైకోర్టులో ఓడిపోయారు. మరుసటేడు రాజీలో పేరు మీద హక్కులు కంప్యూటరు కంపెనీకే పోయాయి.

ఇక్కడ మాత్రం నేను నీల్ పక్షం కాను. ఆ పంతం ఖరీదైనది. ప్రపంచమంతా డౌన్‌లోడ్ చేసుకుంటున్న ఏళ్లలో బీటిల్స్ పాట డబ్బిచ్చి డౌన్‌లోడ్ చేసుకుందామంటే దొరకలేదు. బిగబట్టి గెలిచినవాడికి వదలాల్సిన వేళ తెలియలేదు.

2007లో పదవి నుంచి తప్పుకున్నాడు. 2008 మార్చి 24న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో న్యూయార్క్‌లో పోయాడు, అరవై ఆరేళ్లకు. ఐట్యూన్స్‌లోకి బీటిల్స్ పాటలు రావడానికి మరో రెండున్నరేళ్లు పట్టింది.

ఆ నలుగురి గురించీ అంతా తెలిసిన ఈ మనిషి ఒక్క పుస్తకమూ రాయలేదు. ఆ కట్టుబాటుకు దండం పెడతాను, పాఠకుడిగా మాత్రం కడుపు మండుతుంది. మీలో ఎవరైనా ఒకప్పుడు నాటక సమాజానికో, బుర్రకథ దళానికో, ఆర్కెస్ట్రాకో వెంట తిరిగి పెట్టెలు మోసినవాళ్లుంటే, దయచేసి నీల్‌లా ఊరుకోకండి. తప్పులున్నా ఫరవాలేదు, ఓ ఇన్‌లాండ్ కవరైనా చాలు, రాసి పంపండి.

ఉంటాను,
మీ ఉత్తరాలాయన