పనిచేసే ఊళ్లోనే ఇల్లు

రెసిడెన్సీ చివరి ఏడాదిలో ఉన్న తెలుగు డాక్టర్లు నాకు ఫోన్ చేసినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, చిన్న ఊళ్లో ఉద్యోగానికి ఒప్పుకున్నాను. ఇల్లు మాత్రం దగ్గర్లో ఉన్న సిటీలో తీసుకుని రోజూ వెళ్లిరావచ్చా?" వెళ్లిరావచ్చు, అలా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను మాత్రం పనిచేసే ఊళ్లోనే ఇల్లు వెతుక్కోమంటాను. ఫ్యామిలీ మెడిసిన్ డాక్టరుగా నాకు రోజూ అక్కరకొచ్చే విషయాలు కొన్ని ఆ వెతుకులాటలోనే తెలిశాయి.

వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, చికాగోలో రెసిడెన్సీ పూర్తిచేసి నేను అయోవా రాష్ట్రంలోని స్టార్మ్ లేక్ అనే ఊరికి వచ్చాను. జె-1 వీసా మీద శిక్షణ పొందిన డాక్టరు అది ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది నిబంధన. డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు ఫుల్‌టైమ్ పనిచేయడానికి ఒప్పుకుంటే దాన్నుంచి మినహాయింపు దొరుకుతుంది. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ చొరవతో 1994లో వచ్చిన ఈ ఏర్పాటుకి ఇప్పుడు కాన్రాడ్ 30 అని పేరు. ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మంది వరకు అవకాశం. మిడ్‌వెస్ట్ చిన్న ఊళ్ల క్లినిక్కుల్లో మన పేర్లున్న బోర్డులు కనిపించడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

స్టార్మ్ లేక్ జనాభా 11 వేల పైచిలుకు. ఊరిని ఆనుకుని పెద్ద సరస్సు, చుట్టూ కనుచూపు మేర మొక్కజొన్న, సోయా చేలు. టైసన్ కంపెనీకి ఇక్కడ పంది మాంసం ప్లాంటూ, టర్కీ కోళ్ల ప్లాంటూ ఉన్నాయి. వాటిలో పని కోసం మెక్సికో, లావోస్, సూడాన్, పసిఫిక్ దీవుల నుంచి కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. పనులున్నాయి, మనుషులు వస్తూనే ఉన్నారు, ఇళ్లు మాత్రం సరిపోవు. చికాగోలో కూర్చుని జిల్లో అనే ఇళ్ల వెబ్‌సైటులో వెతికితే మాకు కనిపించినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. వాటిలోనూ కొన్ని మోసపు ప్రకటనలు. అమ్మకానికున్న ఇంటి ఫొటోలు ఎత్తి పెట్టుకుని, "అడ్వాన్సు పంపితే తాళాలు పోస్టులో వస్తాయి" అనేవాళ్లుంటారు. మనం గానీ, మనకు తెలిసినవాళ్లు గానీ స్వయంగా లోపలికెళ్లి చూడని ఇంటికి పైసా పంపకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాం.

మా కాలేజీ సీనియర్ ఒకాయన నెబ్రాస్కాలో ఇలాంటి ఊళ్లోనే చాలాకాలంగా పనిచేస్తున్నారు. ఆయన చెప్పిన మాట నాకు దారి చూపింది. "అమ్మాయ్, ముందు బెడ్‌రూములు లెక్కపెట్టకు. ఆసుపత్రి నుంచి ఎంత దూరమో చూడు. ఎండాకాలంలో పావుగంట పట్టే దారి జనవరిలో మంచు పడితే ముప్పావుగంట." ఇది సౌకర్యానికి సంబంధించిన సంగతి కాదు. ఇలాంటి ఊళ్లలో చాలా ఆసుపత్రులు 'క్రిటికల్ యాక్సెస్' తరగతివి. పడకలు 25కి మించకూడదు, ఇన్‌పేషెంటు ఉండే కాలం సగటున 96 గంటలు దాటకూడదు. ఎమర్జెన్సీకి ఆన్‌కాల్‌లో ఉన్నవాళ్లు 30 నిమిషాల్లో చేరుకోవాలని ఫెడరల్ నిబంధన. మాకు దగ్గరి పెద్ద ఊరు సూ సిటీ, మామూలు రోజుల్లోనే గంటకు పైగా ప్రయాణం. ఆ లెక్కతో మా ఆయన, నేను ఊళ్లోనే ఉండాలని తేల్చుకున్నాం. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటి నుంచే కాబట్టి ఆయనకు కావాల్సిందల్లా మంచి ఇంటర్నెట్.

తర్వాతి చిక్కు తేదీ. మినహాయింపు ఫైలు రాష్ట్ర ఆరోగ్యశాఖ నుంచి విదేశాంగ శాఖకి, అక్కడి నుంచి ఇమిగ్రేషన్‌కి వెళ్లాలి. ఆ పైన హెచ్-1బి వీసా, రాష్ట్ర మెడికల్ లైసెన్సు. "ఏ తేదీ నుంచి అద్దె?" అని యజమాని అడిగితే కచ్చితంగా చెప్పలేని పరిస్థితి. అందుకే తాత్కాలిక డాక్టర్ల కోసం ఆసుపత్రి ఉంచుకున్న ఇంట్లో మొదట కొన్నాళ్లు ఉండనివ్వమని కాంట్రాక్టు మాట్లాడేటప్పుడే అడిగాను. ఒప్పుకున్నారు. జీతం గురించి బేరమాడినంత శ్రద్ధగా ఈ ఒక్క విషయం అడగమని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. ఊళ్లో దిగాక వెతికితే దొరికే ఇళ్లు వేరు.

అవి ఏ వెబ్‌సైటుకీ ఎక్కవు. ఒక కుటుంబం ఖాళీ చేస్తోందంటే ఆ కబురు చర్చిలో, బడి దగ్గర, ప్లాంటు షిఫ్టు మారే వేళ పార్కింగులో తిరిగి, బోర్డు పెట్టేలోపే ఇల్లు అయిపోతుంది. నేను క్లినిక్‌లో నర్సులకు, ఫార్మసీలో, మా పాప వెళ్లే డేకేర్‌లో, కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పుకున్నాను. చివరికి మా రిసెప్షనిస్టు తన బంధువుల ఇంటి సంగతి చెప్పింది. వ్యవసాయం మానేసి ఊళ్లోకొచ్చిన పెద్దవయసు దంపతులు, ఊళ్లోనే తాము కట్టుకున్న పాత ఇల్లు అద్దెకిస్తామంటున్నారని.

ఆ పెద్దాయన మమ్మల్ని ముందు హాల్లోకి కాదు, బేస్‌మెంటులోకి తీసుకెళ్లారు. ఒక మూల నేలలో గుంట, అందులో సంప్ పంపు. బకెట్టుతో నీళ్లు పోసి అది దానంతటదే తిరగడం చూపించారు. ఫర్నేసు ఫిల్టరు అంచున మార్చిన తేదీ పెన్సిలుతో రాసి ఉంది. టోర్నడో సైరన్ మోగితే కూర్చోవాల్సిన మూల చూపించారు. తర్వాత గోడ వెంట పైకి వెళ్తున్న తెల్లటి ప్లాస్టిక్ గొట్టం దగ్గర ఆగారు. దానికి యు ఆకారంలో చిన్న గాజు నాళం, అందులో రంగు ద్రవం. ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు కిందకి ఉంది. "డాక్టర్ గారూ, ఈ రెండువైపులా ఎప్పుడైనా సమానంగా కనిపిస్తే వెంటనే నాకు ఫోన్ చెయ్యండి. ఫ్యాన్ ఆగిపోయిందని లెక్క" అన్నారు.

అది రేడాన్‌ని బయటికి పంపే ఏర్పాటు. నేలలోని యురేనియం నుంచి పుట్టే ఈ వాయువుకి రంగూ వాసనా ఉండవు. పునాది పగుళ్ల గుండా ఇంట్లోకి చేరుతుంది. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి పొగతాగడం తర్వాత పెద్ద కారణం ఇదే. అయోవాలోని 99 కౌంటీలనూ అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఎక్కువ ప్రమాదమున్న ఒకటో జోన్‌లో చేర్చింది. లీటరు గాలిలో 4 పికోక్యూరీలు లేదా అంతకు మించి ఉంటే సరిచేయాలన్నది ఆ సంస్థ సలహా. పరీక్షలకు చదివిన సంగతి ఒక రైతు బేస్‌మెంటులో కళ్లెదుట కనిపించింది. ఆ తర్వాత వారంలోనే, ఎన్నడూ సిగరెట్టు ముట్టని పేషెంటుతో మాట్లాడుతూ "మీ ఇంట్లో రేడాన్ పరీక్ష చేయించారా?" అని అడిగాను. ఆ ప్రశ్న ఇప్పుడు నాకు బీపీ చూసినంత అలవాటు.

ఆ ఇల్లు 1978కి ముందు కట్టింది. అలాంటి ఇంటిని అద్దెకిచ్చేటప్పుడు తమకు తెలిసిన సీసం రంగుల వివరాలు చెప్పి, పర్యావరణ సంస్థ కరపత్రం ఇవ్వాలని ఫెడరల్ చట్టం. పెద్దావిడ ఆ కాగితం మా చేతికిచ్చి, పాత కిటికీలు తీసి కొత్తవి వేయించామని చెప్పారు. తెరిచి మూసే కిటికీ చట్రం దగ్గరే రంగు రాలి దుమ్మవుతుంది. పాకే పిల్లల చేతులు పడేదీ అక్కడే. అయోవాలో పిల్లలు కిండర్‌గార్టెన్‌లో చేరేలోపు ఒకసారైనా రక్తంలో సీసం పరీక్ష చేయించాలి. క్లినిక్‌లో ఆ రిపోర్టు ఎక్కువగా వస్తే మందుల కంటే ముందు అడగాల్సింది కిటికీల గురించి. పాత ఇంట్లో పసిపిల్లతో ఉన్న తల్లిగా ఆ మాట అడిగితే ఎదుటి తల్లికి తనను తప్పుపడుతున్నట్టు అనిపించదు.

అద్దె దగ్గర ఒక మాట. డాక్టరు జీతం చూసి "వాళ్లు చెప్పినదానికంటే ఎక్కువ ఇస్తామను, ఇల్లు మనకే వస్తుంది" అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. మేం ఆ పని చేయలేదు. నేను ఎక్కువిచ్చి తీసుకున్న ఇల్లు ప్లాంటులో చలిగదిలో కత్తి పట్టి నిలబడే ఒక కుటుంబానికి అందకుండా పోతుంది, వచ్చే ఏడాది పక్కింటి అద్దె కూడా దాన్ని చూసే పెరుగుతుంది. మణికట్టు తిమ్మిర్లతో, భుజం నొప్పితో నా దగ్గరికి వచ్చేది వాళ్లే. ఒకే ఇంట్లో రెండు కుటుంబాలు సర్దుకుంటే ఒకరి దగ్గు పదిమందికి అంటుతుంది. ఆ ఇరుకుకి మనవంతు సాయం చేసి తర్వాత మందు రాయడం వైద్యం కాదు.

కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పేవి ఇవి. పచ్చిక ఎవరు కోయాలి, కాలిబాట మీద మంచు ఎవరు తీయాలి, నీళ్లు, గ్యాసు, చెత్త బిల్లులు ఎవరివన్నది లీజులో రాయించుకోండి. పోయిన జనవరి గ్యాసు బిల్లు చూపించమనండి. అసలు ఖర్చు అక్కడ తెలుస్తుంది. సామాను దించకముందే ప్రతి గదీ ఫొటోలు తీయండి. అయోవాలో డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించి అడగకూడదు. ఇల్లు ఖాళీ చేసి కొత్త చిరునామా ఇచ్చాక 30 రోజుల్లో తిరిగివ్వాలి, కోత పెడితే కారణం రాసివ్వాలి. హన్మకొండలో టు-లెట్ బోర్డు చూసి తలుపు తడితే "మీరేవిట్లు?" అని కులం అడిగిన ఇళ్లు నాకు తెలుసు. ఇక్కడ 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించింది. పిల్లలున్నారని కాదనడం కూడా 1988లో ఆ జాబితాలో చేరింది. ఈ హక్కులు మీకు తెలిసుండాలి, మీ పేషెంట్లకూ చెప్పగలగాలి.

మూడేళ్ల గడువు దాటాక కూడా మేం ఈ ఊళ్లోనే ఉన్నాం. డాక్టరు ఉండిపోతారో వెళ్లిపోతారో అన్న బెంగ ఇలాంటి ప్రతి ఊరికీ ఉంటుంది. నేను వాళ్ల వీధిలోనే ఉంటానని, వాళ్లు కొనే దుకాణంలోనే పాలు కొంటానని తెలిసినవాళ్లు మందు మానేసిన సంగతి కూడా దాచకుండా చెబుతారు. సిటీలో ఉండి ఇక్కడ పనిచేసే డాక్టరు తన డ్యూటీ లోపం లేకుండా చేయవచ్చు. కానీ ఈ ఊరి జబ్బుల్లో సగం ఈ ఊరి ఇళ్లలో ఉన్నాయి. వాటిని చూడాలంటే ఇక్కడే ఉండాలి.