పెద్దవాళ్ల ఈత, పోటీ

పెద్దవాళ్ల కోసం ఉన్న మాస్టర్స్ ఈతలో పోటీ వల్ల సరదా పోతోందని కొందరంటారు. నాకలా అనిపించదు. 1970లో అమెరికాలోని అమరిల్లోలో తొలి జాతీయ మాస్టర్స్ పోటీల వెనకున్న నేవీ డాక్టర్ రాన్సమ్ ఆర్థర్ ఆలోచన ఇదే: ముందు ఒక పోటీ ఉందంటే పెద్దవాళ్లు మానకుండా నీళ్లలోకి దిగుతారు, ఆరోగ్యంగా ఉంటారు.

అంతర్జాతీయ పోటీల్లో 25 నుంచి అయిదేళ్లకో వయసు విభాగం. రిలే అయితే నాకు మరీ ఇష్టం! నలుగురి వయసులూ కూడి విభాగం తేలుస్తారు. డెబ్బయ్యేళ్ల పెద్దాయన కలిస్తే జట్టు పైవిభాగంలోకి వెళ్తుంది. ఎంత చక్కటి నియమమో కదా!

సరదా చెడేది పక్కవాళ్లు నెమ్మదిగా ఈదుతున్నారని విసుక్కున్నప్పుడే. కొత్తగా నేర్చుకుంటున్న అక్కలు, బాబాయిలు మీ లేన్‌లో ఉంటే దయచేసి కాస్త ఆగండి, వాళ్లని గోడ దాకా చేరనివ్వండి.