ప్రవాహమూ, ప్రమాణమూ

తెలుగువారికి రెండు సామెతలున్నవి. 'నిదానమే ప్రధానం' అని ఒకటి, 'ఆలస్యం అమృతం విషం' అని మరొకటి. పైకి చూచిన ఇవి ఒకదానినొకటి ఖండించుకొనుచున్నట్లు తోచును. కాని రెండూ సత్యములే. ఏది ఎంతవరకు వర్తించునో ఎరుగుటయే వివేకము. ఈ సంగతి నాకు గ్రంథములలో కంటె మా యింటి చేపల తొట్టిలో చక్కగా బోధపడినది.

మేము శంషాబాదు వాసులము. ప్రవాహమును అదుపులో నుంచుట ఈ ప్రాంతమునకు కొత్త కాదు. 1908 సెప్టెంబరులో మూసీనది వరద హైదరాబాదు నగరమును ముంచెత్తిన పిదప, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై మూసీ మీద ఉస్మాన్ సాగర్, మా ఊరికి చేరువలో ఈసీ వాగు మీద హిమాయత్ సాగర్ నిర్మింపబడినవి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. నీటిని నిలుపుట ఎంత అవసరమో, సమయమెరిగి విడుచుట కూడ అంతే అవసరమని ఆ జలాశయముల తలుపులు నేటికిని చెప్పుచున్నవి.

ఇక మా తొట్టి సంగతి. మా అబ్బాజాన్ పక్షవాతముతో మంచము పట్టిన నాటినుండి ఆయనకు ప్రపంచమంతయు ఒక కిటికీ, ఒక చేపల తొట్టి. కిటికీలోనుండి విమానములు దిగుట కనబడును. తొట్టిలో ఐదు బంగారు చేపలు తిరుగాడును. ఉదయము లేవగానే వాటిని లెక్కించుట ఆయన నియమము. మాట తడబడినను లెక్క తడబడెడిది కాదు. ఒక వేసవిలో తొట్టినీరు పచ్చబడ నారంభించినది. సగము నీరు మార్చినను నాలుగు దినములకే మరల అదే పచ్చదనము. కొన్నాళ్లకు చేపలు నీడలవలె మాత్రమే కనిపించినవి. అబ్బాజాన్ లెక్కించుట మానివేసెను. మాట్లాడుట కూడ తగ్గించెను. అప్పుడు గాని ఆ పచ్చనీరు మా యింటికి ఎంత పెద్ద విషయమో మాకు తెలియలేదు.

దానికి విరుగుడుగా అతినీలలోహిత కిరణముల స్టెరిలైజరును కొని తెచ్చితిమి. సూర్యకాంతికి సూక్ష్మజీవులను నశింపజేయు శక్తి కలదని 1877లోనే డౌన్స్, బ్లంట్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఈ పరికరములో సుమారు 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల కిరణములనిచ్చు దీపము క్వార్ట్జ్ గాజుగొట్టములో నుండును. దాని చుట్టును నీరు ప్రవహించును. ఆ కిరణములు సూక్ష్మజీవుల జన్యుపదార్థమును దెబ్బతీయుటచే అవి వృద్ధి చెందజాలవు.

బిగించినవెంటనే వాదము మొదలైనది. "పంపు పూర్తిగా తెరువుడు, నీరు ఎన్నిసార్లు తిరిగిన అంత మంచిది" అని దుకాణదారు చెప్పి పంపెను. "కాదు, చుక్కచుక్కగా పోనిమ్ము, వెలుగు బాగా తగలవలెను" అని మా భాయిజాన్ పట్టుదల. సామెతలు రెండును మా యింటికి వచ్చి కూర్చున్నవి!

నిజమునకు కిరణముల మోతాదనగా వెలుగు తీవ్రతను అందులో గడిపిన కాలముతో హెచ్చించగా వచ్చునదే. 2008 మార్చిలో ప్రారంభమైన మా విమానాశ్రయములో సంచుల తనిఖీ చూచినవారికి ఇది సులభముగా తెలియును. సంచి మరీ వేగముగా సాగిన చూచువాని కంటికి ఏమియు పట్టదు; మరీ నిదానించిన వెనుక వరుస పెరిగి విమానము తప్పిపోవును. నీరు తొందరపడి పరుగెత్తినచో జీవులు దెబ్బ తినకయే దాటిపోవును. చుక్కచుక్కగా నడచినచో దీపము చేరినవి నశించును గాని, ఈలోగా తొట్టిలోని మిగిలిన నాచు అంతకు మించి పెరుగును.

మరొక చిక్కు కలదు. శుద్ధియైన నీరు తిరిగి తొట్టినీటిలోనే కలియును. కనుక తొట్టెడు నీరు ఒకమారు దీపము గుండా పోయినను, నూటికి సుమారు 63 పాళ్ల నీటికి మాత్రమే వెలుగు సోకును. మూడుమార్లు పోయినప్పుడు 95 పాళ్లకు సోకును. అందుచే వేగమును ఊహతో గాక కొలతతో నిర్ణయింపవలెను.

మా తొట్టి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. రాళ్లను, పైన విడిచిన ఖాళీని తీసివేయగా సుమారు 170 లీటర్ల నీరు. పంపుపై గంటకు 1000 లీటర్లని వ్రాసియున్నది. కాని గొట్టపు చివర పది లీటర్ల బకెట్టునుంచి గడియారము చూడగా అది నిండుటకు 48 సెకండ్లు పట్టినది. అనగా గంటకు 750 లీటర్లే. పరికరముతో వచ్చిన కాగితములో నాచుకు గంటకు 400 లీటర్లు మించరాదని, పరాన్నజీవులకు అందులో మూడవవంతు చాలునని కలదు. ఫిల్టరుకు కావలసిన వేగము వేరు, దీపమునకు కావలసిన వేగము వేరు. కనుక గొట్టమును రెండు పాయలుగా చీల్చి, దీపపు పాయకు వాల్వు అమర్చి, బకెట్టు 90 సెకండ్లకు నిండునట్లు తిప్పితిని. గంటకు సరిగా 400 లీటర్లు. తొట్టినీరు గంటకు రెండుమార్లకు పైగా తిరుగును.

కొలత ఒకనాటితో తీరునది కాదు. మా రాతినేల బోరునీటిలో సున్నపు పాలు ఎక్కువ. అది గాజుగొట్టముపై తెల్లని పొరగా పేరుకొని వెలుగును అడ్డగించును. దీపమార్పి, తీగ ఊడదీసి, నిమ్మరసముతో తుడువవలెను. వెలుగుచున్న దీపమును నేరుగా చూడరాదు, కండ్లకు హాని. సుమారు ఏడాది గడచిన పిదప నీలికాంతి కనిపించుచునే యున్నను కిరణశక్తి సన్నగిల్లును, దీపము మార్చవలెను. చేప ఒంటిని అంటుకొన్న తెల్లమచ్చల వ్యాధిని ఈ వెలుగు మాన్పదు. దీపము వద్దకు కొట్టుకొనివచ్చిన జీవులనే అది నశింపజేయును. ఫిల్టరు స్పాంజిలో కాపురమున్న మేలుచేయు బాక్టీరియాకు దానివలన హాని లేకపోవుటకును ఇదియే కారణము.

పదవనాటికి నీరు తేటపడినది. అబ్బాజాన్ వ్రేళ్లు మడచి "ఐదు" అనెను. ఆ మాట కొరకు ఇంటిల్లిపాదియు ఎన్ని దినములు ఎదురుచూచితిమో!

ఉర్దూలో 'మియానా రవీ' అను చక్కని మాట కలదు. మధ్యేమార్గమున నడచుట అని అర్థము. కాని మధ్యేమార్గమనగా కన్నుమూసుకొని రెండింటిని సగము చేయుట కాదు. ఎంత నీరు, ఎంత వెలుగు, ఎంత కాలము అని కొలిచి తెలిసికొనినదే నిజమైన మధ్యేమార్గము. చదువులోను, సంపాదనలోను, కోపములోను మనకు వేగము బోధించువారున్నారు, నిదానము బోధించువారును ఉన్నారు. సోదర విద్యార్థులారా, ఎవరి మాట వినుటకు ముందైనను బకెట్టును, గడియారమును చేతపట్టుడు.