మేకప్ తుడిచిన కాగితం... ఎక్కడికెళ్తుంది?

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిల్మ్‌నగర్ వైపు వెళ్తే అదో వేరే లోకం. వెనక కేబీఆర్ పార్కు పచ్చదనం, ముందు రాతిగుట్టల మీద మేడలు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు ఆ పక్కనే అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించిన నాటికి ఇటంతా బండలూ తుప్పలే! తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వెలిశాయి. మద్రాసు నుంచి తరలివచ్చిన తెలుగు సినిమాకి ఈ కొండలే సొంతిల్లయ్యాయి.

ఇక్కడ షూటింగ్ అంటే లైట్లూ కెమెరాలే కాదు... టిష్యూ పేపరు కూడా! షాట్‌కీ షాట్‌కీ మధ్య టచప్ బాయ్ చెమట అద్దేది దాంతోనే. ప్యాకప్ అన్నాక మేకప్ తుడిచేదీ దాంతోనే. రోడ్ నంబర్ 36 హోటళ్లలోనూ అంతే. ప్లేటు పక్కన నాప్కిన్లు, వాష్‌బేసిన్ దగ్గర పేపర్ టవళ్లు. చేతిలో ఉండేది కొన్ని క్షణాలు. ఆ తర్వాత బుట్టలోకి!

తారలతో పాత బంధం

టిష్యూకీ తారలకీ బంధం ఇప్పటిది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయాలకు కట్లు కట్టేందుకు దూది బదులు కలపగుజ్జుతో చేసిన మెత్తటి పదార్థం వాడారు. యుద్ధం ముగిశాక దాన్నేం చేయాలి? 1924లో అమెరికాకు చెందిన కింబర్లీ-క్లార్క్ సంస్థ ‘క్లీనెక్స్’ పేరిట మార్కెట్లోకి తెచ్చింది... కోల్డ్‌క్రీమ్ రాసి మేకప్ తీసుకోవడానికి! ప్రకటనల్లో కనిపించింది తారలే. జనం దాంతో ముక్కు తుడుచుకుంటున్నారని తెలిశాకే కంపెనీ ప్రచారం మార్చింది. చేతులు తుడుచుకునే పేపర్ టవల్ అంతకుముందే, 1907లో, అమెరికాలోనే స్కాట్ కంపెనీలో పుట్టింది.

చెట్టు సగం... కాగితం సగం

కాగితం ఎలా పుడుతుందో తెలుగువాళ్లకి కొత్త కాదు. భద్రాచలం దగ్గర సారపాక, రాజమండ్రి, కాగజ్‌నగర్... అన్నీ కాగితం మిల్లుల ఊళ్లే. చుట్టుపక్కల రైతులు పెంచే జామాయిల్, సుబాబుల్, సరుగుడు దుంగలు అక్కడికి చేరతాయి. బెరడు తీసి, ముక్కలు కొట్టి, రసాయనాలతో ఉడికిస్తే గుజ్జు వస్తుంది. కలపలో దాదాపు సగమే గుజ్జుగా మిగులుతుంది. దాన్ని తెల్లగా చేయడానికి మళ్లీ రసాయనాలు, బోలెడన్ని నీళ్లు, ఆరబెట్టడానికి ఆవిరి. టిష్యూకైనా నోటుపుస్తకానికైనా గుజ్జు తయారీ దాదాపు ఇంతే.

తేడా ఆ తర్వాతే! పాత నోటుపుస్తకాన్ని కాగితాలవాడు కొనుక్కెళ్తాడు. దాని పోగులు అయిదారుసార్లు మళ్లీ కాగితమవుతాయి. వాడిన టిష్యూని ఎవరూ కొనరు. పోగులు పొట్టివి, పైగా మరకలు. తడిసినా చిరగకుండా టవళ్లలో రెజిన్ కూడా కలుపుతారు. కాగితానికి అదే ఆఖరి జన్మ. ఇక వెట్‌వైప్స్ సంగతి... చాలావాటిలో పాలిస్టర్ ఉంటుంది. అంటే ప్లాస్టిక్కే! కమోడ్‌లో వేస్తే డ్రైనేజీకి అడ్డం పడతాయి.

కొండ మీంచి గుట్ట మీదికి

ఫిల్మ్‌నగర్ చెత్త ఆటోల్లో కిందికి దిగి, లారీలెక్కి నగరానికి అటు చివరనున్న జవహర్‌నగర్ చేరుతుంది. అక్కడి పాత గుట్ట నుంచి కారిన మురుగు పక్కనే ఉన్న మల్కారం చెరువుని పాడుచేసింది. దుర్వాసనతో చుట్టుపక్కల కాలనీలవాళ్లు ఏళ్లతరబడి ఆందోళనలు చేశారు. గుట్టకి పైకప్పు వేశారు, 2020లో చెత్త నుంచి విద్యుత్తు తీసే ప్లాంటూ మొదలైంది. కానీ తడీ పొడీ కలిసిపోతే ఎరువూ సరిగా రాదు, మంటా సరిగా మండదు. గాలి తగలకుండా కుళ్లిన కాగితం నుంచి మీథేన్ వస్తుంది. భూమిని వేడెక్కించడంలో వందేళ్ల లెక్కన అది బొగ్గుపులుసు వాయువు కంటే 28 రెట్లు బలమైంది!

తుండుగుడ్డ ఉందిగా!

నాటకాల రోజుల్లో ముఖాన రంగుని కొబ్బరినూనె రాసి, నూలుగుడ్డతో తుడుచుకునేవారు. ఉతికి ఆరేస్తే మర్నాటికి సిద్ధం. ఉతకడానికి నీళ్లు, సబ్బు ఖర్చవుతాయి, నిజమే. కానీ ఒక్క తువ్వాలు వందలసార్లు పనికొస్తుంది. వంటింట్లో మసిగుడ్డ, జేబులో రుమాలు, భుజాన తుండు... మనకి కొత్తగా నేర్పాల్సిన పని లేదు. తప్పనిసరై టిష్యూ వాడినా ఒకటి చాలు. అన్నం మరకలే అయితే తడిచెత్తలో వేయండి, ఎరువవుతుంది. క్రీములు అంటినదైతే తడిచెత్తలో కలపకండి.

తెరమీద తళుక్కుమనే ముఖాలు చూసేవాళ్లు కోట్లలో ఉన్నారు. వాటిని తుడిచిన కాగితాన్ని భరించేది మాత్రం జవహర్‌నగర్ వాళ్లే.